తాడు పొడవు సరే, కొస ఎవరి చేతిలో?

మా చెల్లెలి కూతురు డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు, దిద్దిన జవాబుపత్రమొకటి తెచ్చి నా ముందు పెట్టింది. "కంప్యూటరు నెట్‌వర్కులు ఎన్ని రకములు? వివరింపుము" అన్నది ప్రశ్న. పిల్ల లాన్, మాన్, వాన్ మూడింటినీ వివరించి, చివర సొంతంగా ఒక వాక్యం చేర్చింది: "ఈ రోజుల్లో దూరాన్ని బట్టి చేసే ఈ విభజనకు పెద్దగా అర్థం లేదు." ఆ వాక్యం కింద ఎర్రగీత, అయిదింట రెండు మార్కుల కోత. "మామయ్యా, నేను రాసింది తప్పా?" అని అడిగింది. తప్పు కాదని చెప్పడానికే ఈ టపా.

భవనం దాటకపోతే లాన్, ఊరు దాటకపోతే మాన్, అంతకు మించితే వాన్. ఈ చిలకపలుకులు మనమందరమూ వల్లించినవే. ఒకప్పుడు వీటికి అర్థం లేకపోలేదు. 1973లో జిరాక్స్ వారి పరిశోధనశాలలో పుట్టిన ఈథర్‌నెట్‌లో కంప్యూటర్లన్నీ ఒకే తీగను పంచుకొనేవి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే సంకేతాలు ఢీకొనేవి. ఆ సంగతి పంపినవాడికి తెలియాలంటే, పంపడం పూర్తయ్యేలోపల ఆ అలజడి తిరిగి అతణ్ణి చేరాలి. అందుకే తీగ పొడవుకు హద్దు పెట్టవలసివచ్చింది. తొలినాటి లావు కేబులులో ఒక్కో ఖండం 500 మీటర్లు మించరాదన్నారు. అంటే దూరమన్నది ఆనాటి సాంకేతిక నిర్బంధం.

తరువాత స్విచ్చిలు వచ్చాయి. ఒక్కొక్క కంప్యూటరుకూ సొంత దారి ఏర్పడింది. ఢీకొనడమే లేనప్పుడు ఆ హద్దుతో పనేమిటి? 2002 నాటి ప్రమాణంలోనే గాజుతీగ మీద ఈథర్‌నెట్ 40 కిలోమీటర్లు పోగలిగింది. పుస్తకంలో లాన్‌కు ఉదాహరణగా చెప్పే ఈథర్‌నెట్టే ఈనాడు నగరాల మధ్య కూడా నడుస్తున్నది. ఇక మాన్ కోసమని 1990లో ప్రత్యేకంగా ఒక ప్రమాణం చేశారు. దాన్ని వాడినవారు తక్కువ, చివరకు ఉపసంహరించుకున్నారు. పరీక్షలో మాత్రం అది చిరంజీవి!

దూరం లెక్కలోనికే రాదని నేననడం లేదు. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లే పోతుంది. పదివేల కిలోమీటర్ల దూరానున్న యంత్రానికి కబురు వెళ్ళి జవాబు రావడానికి సెకనులో పదోవంతు పట్టక తప్పదు. ఇది ప్రకృతి నియమం, దీన్ని తప్పక నేర్పాలి. కాని దూరం ఒక కొలత మాత్రమే. తాడు పొడవెంతో చెప్పి, దాని కొస ఎవరి చేతిలో ఉందో చెప్పకపోతే అది సగం చదువు.

ఆ రెండో సగాన్ని 1964లోనే ర్యాండ్ సంస్థకు చెందిన పాల్ బారన్ బొమ్మ గీసి చూపించాడు. ఆయన వలలను మూడు రకాలుగా విడదీశాడు. ఒకే కేంద్రానికి అన్నీ ముడిపడినవి మొదటి రకం. కొన్ని కేంద్రాల చుట్టూ అల్లుకొన్నవి రెండోది. ఏ ముడికీ పెత్తనం లేకుండా చేపలవలలా ఉండేవి మూడోది. మొదటి రకంలో నడిమి ముడి తెగితే అంతా పోయినట్టే. మూడోరకంలో కొన్ని ముళ్ళు తెగినా కబురు వేరే దారి వెతుక్కుంటుంది. ఈ విభజన అరవై యేళ్ళు దాటినా పాతబడలేదు.

అది నిత్యజీవితానికి ఎంత ముఖ్యమో రెండు సంఘటనలు చాలు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సంస్థ సొంత నెట్‌వర్కులో నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆజ్ఞ వికటించి, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ దాదాపు ఆరు గంటలు ప్రపంచమంతటా మూగబోయాయి. ఇంటర్నెట్టు చెడలేదు. కోట్లమంది మాటలు ఒక్క ముడి గుండా పోవడమే చెడింది.

2019 ఆగస్టులో జమ్మూకాశ్మీరులో ఇంటర్నెట్టు ఆగిపోయింది. అక్కడ యంత్రం చెడలేదు, ప్రభుత్వ ఆజ్ఞ వచ్చింది. గడువు లేకుండా ఇంటర్నెట్టును నిలిపివేయడం చెల్లదని 2020 జనవరి 10న సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 4జీ సేవలు పూర్తిగా తిరిగివచ్చింది 2021 ఫిబ్రవరిలోనే. ఆ వల లానా, వానా అన్న ప్రశ్నకు ఆ పదిహేడు, పద్దెనిమిది నెలల్లో విలువేమిటి?

మరో దారి లేదా అంటే ఉన్నది. స్పెయిన్‌లోని కాటలోనియాలో 2004లో మొదలైన గీఫీ నెట్‌వర్కును వాడుకొనేవారే కట్టుకొన్నారు. పల్లెలకు పెద్ద కంపెనీలు రాకపోతే ఇంటికప్పుల మీద యాంటెనాలు నిలిపి, ఒకరి ముడి మరొకరికి దారిగా ఇచ్చుకొన్నారు. అది వేలకొద్దీ ముళ్ళదాకా విస్తరించింది. ఈ సంగతి మన పిల్లలకెందుకు చెప్పం?

పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు నా విన్నపం. లాన్, మాన్, వాన్ పేర్లను చరిత్రగా ఒక పేజీలో చెప్పండి. ఆపైన మూడు ప్రశ్నలు అడగండి: ఈ వల ఆకారమేమిటి? దీని యజమాని ఎవరు? దీన్ని ఆపగలిగే చెయ్యి ఏది? మా వీధిలో కరెంటు స్తంభాల మీద వేలాడే కేబులును చూపి ఈ ప్రశ్నలడిగితే, పదో తరగతి పిల్లలు కూడా ఒక్క పూటలో జవాబులు వెతుక్కొని వస్తారు.

మా అమ్మాయితో మాత్రం ఇలా అన్నాను: "అమ్మలూ, వచ్చే పరీక్షలో వాళ్ళడిగింది రాసి మార్కులు తెచ్చుకో. ఆ చివరి వాక్యాన్ని మాత్రం మరిచిపోకు."

ఆ సలహా ఇచ్చినందుకు నాకే సిగ్గుగా ఉంది. మీరైతే ఏమనేవారు?