బిల్లుకి చిల్లు ఎందుకు?

సూపర్ మార్కెట్ గేటు దగ్గర గార్డు మన బిల్లు తీసుకుని ఓ చిల్లు పెడతాడు కదా, అది మనం దొంగలమో కాదో తేల్చే పరీక్ష కాదు. ఓటీపీ ఒకసారి వాడితే ఇక పనికిరాదు, ఇదీ అంతే. చిల్లు లేకపోతే సరుకు కారులో పెట్టొచ్చి, అదే బిల్లు చూపించి అవే సరుకులు ఇంకోసారి పట్టుకెళ్లొచ్చు. కౌంటర్‌లో కుర్రాడు ఫ్రెండ్ తెచ్చిన నాలుగు నెయ్యి డబ్బాల్లో ఒక్కటే స్కాన్ చేసినా ఇక్కడే బయటపడుతుంది. అంటే షాపు వాళ్ల అనుమానంలో కొంత సొంత కౌంటర్ మీదే! అందుకే బిల్లు చూపించడానికి నేను పేచీ పెట్టను.

బ్యాగు సంగతి వేరు. లోపలికి వెళ్లేముందు దాన్ని కౌంటర్‌లో పెట్టమనొచ్చు, ఇష్టం లేకపోతే మనం ఇంకో షాపుకి పోవచ్చు. కానీ డబ్బు కట్టి బయటికొస్తున్న మనిషి హ్యాండ్‌బ్యాగు బలవంతంగా తెరిచి వెతికే అధికారం ప్రైవేటు గార్డుకి లేదు. అడగొచ్చు. మనం సరేనంటే చూడొచ్చు. ఒంటి మీద చెయ్యి వేయడం అసలే కుదరదు. ఆడవాళ్లని సోదా చేయాలంటే పోలీసులు కూడా మరో మహిళతోనే చేయించాలి.

మా ఏరియాలో ఒక షాపుంది. నా ల్యాప్‌టాప్ బ్యాగులో ఇరవై చాక్లెట్ బార్లు పడతాయి, ఇంతవరకూ ఎవరూ జిప్పు తీయమనలేదు. మొన్న నా ముందున్న అక్క, అపార్ట్‌మెంట్లలో పనిచేస్తుంది, బిల్లు చూపించినా ఆమె గుడ్డసంచి మొత్తం బల్లమీద కుమ్మరించారు. ఏమీ దొరకలేదు. సారీ కూడా లేదు. "నా బ్యాగు కూడా చూడండన్నా" అన్నాను. గార్డు నవ్వి, "మీదెందుకు సార్" అన్నాడు. తనిఖీ అంటే అందరికీ ఒకటే ఉండాలి. చెప్పులు చూసి చేసేదాన్ని అవమానం అంటారు.

నిజంగా అనుమానముంటే పోలీసుల్ని పిలవాలి. తన కళ్లముందే కాగ్నిజబుల్, నాన్‌బెయిలబుల్ నేరం జరిగితే మామూలు మనిషీ పట్టుకోవచ్చని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ అంటుంది. అదీ ఆలస్యం చేయకుండా, 6 గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి. ఉత్త అనుమానం ఆ లెక్కలోకి రాదు. వెనక గదిలో కూర్చోబెట్టి "ఒప్పుకో, పదింతలు కట్టు" అని బెదిరిస్తే, భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద అక్రమ నిర్బంధం కేసు షాపు వాళ్ల మీదే పెట్టొచ్చు.

అలాంటప్పుడు గార్డు మీద అరవకండి, పొద్దుట్నుంచీ నిలబడి ఉన్న మనిషి. మేనేజర్‌ని పిలిపించండి. ఏ కారణంతో ఆపారో రాసిమ్మనండి. సీసీటీవీ ఫుటేజీ చెరిపేయొద్దని ఆరోజే మెయిల్ పెట్టండి, చాలా షాపుల్లో పాతది దానంతటదే పోతుంది. వాళ్లు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అన్నిటికీ ఆధారం ఆ బిల్లే. థర్మల్ కాగితం మీద అక్షరాలు కొన్నాళ్లకి మాసిపోతాయి, వెంటనే ఓ ఫొటో తీసిపెట్టుకోండి.