నీరుకట్టెను పేరుతో పిలుద్దాం

మా రేగుంట వైపు వాగు దగ్గర ఎవరైనా "పామో!" అని అరిస్తే, పెద్దవాళ్లు ముందు అడిగే మాట "ఏం పాము?" అని. బెంగళూరులో, పుణేలో పెరుగుతున్న మన పిల్లలకు ఆ ప్రశ్నే రాదు. వాళ్లకు పాములన్నీ ఒకటే, కనబడితే చంపాల్సిందే. ఇది మారాలని మేము అనుకుంటున్నాం.

వాగుల్లో, చెరువుల్లో, వరి మళ్లలో మనకు తరచుగా ఎదురయ్యేది నీరుకట్టె. ఒంటి మీద నల్లని గళ్లు, కంటి దగ్గర నుంచి వాలుగా దిగే రెండు నల్ల చారలు దాని గుర్తులు. చేపలు, కప్పలు తింటుంది. మనిషికి హాని చేసే విషం లేదు. కోపం మాత్రం జాస్తి, పట్టుకుంటే కరుస్తుంది. బెదిరితే మెడ వెడల్పు చేసి తల ఎత్తుతుంది. అది చూసి నాగుపామనుకుని కొట్టేస్తారు. పాపం, బతకడానికి వేసిన వేషమే దాని ప్రాణం తీస్తుంది.

మేము కన్నడ మీడియంలో చదివినవాళ్లం. కన్నడలో దీన్ని 'నీరు హావు' అంటారు, మరాఠీలో 'దివడ్'. అదే కన్నడలో 'కట్టు హావు' అంటే మన కట్లపాము, కాటేస్తే ప్రాణం మీదికి వస్తుంది. 'నీరుకట్టె' అన్న మాట విని కన్నడ బడికి వెళ్లే పిల్ల ఏమనుకోవాలి? మా టెస్టింగ్ పనిలో కూడా అంతే, రెండు తప్పులకు ఒకే పేరు పెడితే రెండూ సరికావు.

పాట్రిక్ రస్సెల్ అనే దొర విశాఖపట్నంలో ఉండి పాములను సేకరించి, 1796లో అచ్చయిన తన పుస్తకంలో ఇక్కడివాళ్లు చెప్పిన పేర్లు కూడా రాశాడు. పరాయివాడు అడిగి రాసుకున్న పేర్లను మనం ఇంట్లో పోగొట్టుకోవడం ఏం బాగుంటుంది?

"భయంలో పేరు ఎవరు చూస్తారు?" అనొచ్చు. నిజమే. కానీ కర్ర పట్టుకుని చంపబోయేవాడే పాముకు దగ్గరగా వెళ్తాడు. దూరంగా నిలబడితే దాని దారిన అది పోతుంది. కరిస్తే మాత్రం పేరు గురించి వాదించకుండా వెంటనే ఆస్పత్రికి పోవాలి.

ఈసారి సెలవుల్లో ఊరికి పోయినప్పుడు పిల్లలకు అయిదు పేర్లు నేర్పండి: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, జెర్రిపోతు, నీరుకట్టె. మొదటి మూడూ విషపువి, చివరి రెండూ కావు. ఆ తేడా తెలిసిన పిల్లలు ఊరికే కర్ర ఎత్తరు.