మిక్సీ బ్లేడుకూ సాన కావాలి

ఖమ్మం మార్కెట్‌కు కొత్త మిర్చి వస్తోందంటే ఇల్లందు ఇళ్లలో కారం పట్టించే రోజులు వచ్చినట్టే. ఏడాది కారం గిర్నీకి పోతుంది. ధనియాల పొడి, రోజువారీ పచ్చడి, అల్లం వెల్లుల్లి ముద్ద మాత్రం మిక్సీ వంతు. దాని జారులో బ్లేడు ఎప్పుడో మొద్దుబారి ఉంటుంది, ఎవరూ చూడరు. మిక్సీ పాతబడిందనుకుని కొత్తది కొంటారు. ఈ అలవాటు మారాలి.

పాశ్చాత్య దేశాల్లో కరెంటు కత్తి అంటే రంపం పళ్లున్న రెండు బ్లేడ్లు పక్కపక్కనే ముందుకూ వెనక్కూ జరుగుతూ మాంసాన్నీ రొట్టెనూ కోసే పనిముట్టు. మన వంటింటి కరెంటు కత్తి మిక్సీయే. అది పుట్టిందే ఒక రిపేరు సమస్యతో. ముంబయిలో ఇంజినీరుగా పనిచేస్తున్న సత్యప్రకాశ్ మాథుర్ ఇంట్లో విదేశీ మిక్సర్ మన పప్పుల ధాటికి తట్టుకోలేక చెడిపోయింది. ఇక్కడ దాన్ని బాగుచేసే దిక్కు లేకపోయింది. భార్య మాధురి పట్టుదలతో ఆయన మన వంటకు సరిపోయే యంత్రాన్ని తయారుచేశారు. 1963లో వచ్చిన సుమీత్ మిక్సీ కథ అది. బాగుచేసేవాళ్లు లేక పుట్టిన వస్తువును, బాగుచేయించే ఓపిక లేక ఇప్పుడు పాత సామాన్లవాడికి తూకానికి వేస్తున్నాం!

పలుచని పిండికి పదును అంతగా అక్కర్లేదు, వేగమే సగం పని చేస్తుంది. ఎండుమిర్చి, ధనియాలు, కొబ్బరి దగ్గరే అసలు పరీక్ష. బ్లేడు మొద్దుబారితే గింజ తెగదు, గోడకు కొట్టుకుని తిరుగుతుంది. ఇంకో రెండు నిమిషాలు తిప్పుతారు. జారు వేడెక్కి మసాలా ఘాటు తగ్గుతుంది, మోటారు మీద భారం పడుతుంది, చివరికి మిక్సీ అడుగునున్న ఎర్ర బటన్ బయటికి తన్నుకొచ్చి మిక్సీ ఆగిపోతుంది. అప్పుడు నింద మోటారుకు.

కళ్లుప్పు వేసి తిప్పితే పదును వస్తుందన్న చిట్కా ఊరూరా ఉంది. రాదు. ఉప్పు స్టీలు కంటే ఎంతో మెత్తన. మోస్ గట్టిదనం కొలతలో రెండున్నర దాటదు. బ్లేడుకు అంటిన జిడ్డు ఊడిరావడం వల్ల బాగైనట్టు అనిపిస్తుంది, అంతే. కడగడం మరిస్తే ఆ ఉప్పే స్టీలును తినేస్తుంది.

నిజమైన పదును సానరాయి మీదే. జారును మిక్సీ నుంచి తీసి, దాని అడుగునున్న కప్లర్ కదలకుండా పట్టుకుని బ్లేడు విప్పాలి. అంచుకు మొదట ఏ వైపు వాలు ఉందో ఆ వైపే, అదే కోణంలో రుద్దాలి. అన్ని రెక్కలకూ సమానంగా రుద్దడం అన్నిటికంటే ముఖ్యం. ఒక రెక్క ఎక్కువ అరిగితే నిమిషానికి పద్దెనిమిది వేల చుట్ల వేగంలో జారు వణుకుతుంది, బ్లేడు ఇరుసు చుట్టూ ఉండే బుష్ అరుగుతుంది, నీళ్లు కింది మోటారులోకి కారతాయి. కరెంటు సానచక్రం మీద ఒకేచోట నొక్కిపట్టి అంచు నీలంగా మారేదాకా కాల్చినా బ్లేడు పాడవుతుంది. మధ్యమధ్య నీళ్లలో ముంచాలి. పెట్టిన పదును నిలవాలంటే ఎండు పసుపు కొమ్ములను రోట్లో నలగ్గొట్టకుండా జారులో వేయకూడదు.

ఈ పనితనం ఉన్నవాళ్లు తగ్గిపోతున్నారు. సైకిలు తొక్కుతూ రాయి తిప్పి కత్తులకు, కత్తెరలకు సానపట్టే మనిషి వీధిలోకి రావడం అరుదైంది. ఇది ఇల్లందుకు తగని లోటు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు గుర్తించిన నేల ఇది. 1889లో తవ్వకాలు మొదలై, సింగరేణి బొగ్గు గనులకు పుట్టిల్లయిన ఊరు. చేత్తో బొగ్గు కొట్టిన రోజుల్లో మొన చెడిన పికాసుతో గనిలో పనే నడిచేది కాదు. పనిముట్టు పదును మీద బతికిన ఊరికి ఆ విద్య మళ్లీ నేర్పడం అసాధ్యమేమీ కాదు.

2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కుపై కమిటీ వేసింది, ఆ ఏడాది డిసెంబరు 24న పోర్టల్ కూడా తెరిచింది. మంచిదే. కానీ పోర్టల్ బ్లేడు విప్పదు. ఊళ్లో మనిషి కావాలి. సింగరేణి సేవా సమితి కార్మిక కుటుంబాల మహిళలకు కుట్టుపని లాంటివి నేర్పిస్తూనే ఉంది. మిక్సీ రిపేరు, సానపట్టడం ఆ జాబితాలో చేర్చాలి. భద్రాచలంలోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కూడా కోయ, లంబాడా యువతకు ఇదే శిక్షణతో పాటు చిన్న సానయంత్రం ఇప్పించాలి. మొదటి బ్యాచ్ కొత్త మిర్చి దిగేలోపే తయారుకావాలి. వాళ్లకు చేతినిండా పని దొరికేది అప్పుడే.