చూడని ఆటకు తీర్పు

గత వార్షికోత్సవ సభలో ఒక పెద్దలు అరగంటసేపు ప్రసంగించిరి. పిల్లల చేతులలోని వీడియో ఆటల యంత్రములు మన భాషను, మన కంటిచూపును, మన సంసారములను ఏకకాలమున నాశనము చేయుచున్నవని వారి వాదము. సభ చప్పట్లు చరచినది. మేమును చరచితిమి. ఇంటికి వచ్చిన పిదప పదునొకండేండ్ల మా మనుమడు, "తాతయ్యా, ఆయన ఏ ఆట గురించి చెప్పారు?" అని యడిగినాడు. మాకు జవాబు దొరకలేదు. ఆ అరగంటలో ఒక్క ఆట పేరైనను వినబడలేదు. "మీరెప్పుడైనా ఆడి చూశారా?" అన్నది వాని రెండవ ప్రశ్న. దానికి జవాబు మాకు తెలియును గాని చెప్పుటకు సిగ్గుపడితిమి.

నవలను చదువక దానిని గూర్చి అరగంట మాటలాడిన వానిని మనము పండితుడనము. నాటకమును చూడక ఖండించిన వానికి మన పత్రికలలో చోటుండదు. ఆటల విషయమున మాత్రము, చూడకుండుటయే తీర్పు చెప్పుటకు అర్హతగా చెల్లుబాటగుచున్నది. ఇది అన్యాయమని చెప్పుటకే మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి. అట్లని ఆడిన వారందరును మంచి విమర్శకులని మా యభిప్రాయము గాదు. వారి తీర్పులలోని లోపములును తక్కువ గావు.

ముందుగా మా చేతికి చిక్కిన ఆటనే పరిశీలింతము. మా మనుమని యొద్దనున్నది నింటెండో సంస్థవారి త్రీడీయెస్ అను చేతికన్సోలు. రెండు తెరలతో మడతపెట్టెవలె నుండును. బంధువొకరు వాడి యిచ్చినది. అందులోని ఆట పేరు 'పోకెమాన్ ఆల్ఫా సఫైర్'. 2002లో వచ్చిన ఆటను 2014 నవంబరులో క్రొత్త బొమ్మలతో తిరిగి రూపొందించి వెలువరించిరి. దీని జంట ఆటకు 'ఒమేగా రూబీ' యని పేరు. కథ జరుగు దేశము హోయెన్. జపానులోని క్యూషూ ద్వీపమును చూచి కల్పించినది. వింతజంతువులను పట్టుట, పెంచుట, పందెమునకు దింపుట ఆటగాని పని. ఆ దేశములో సగముపాలు సముద్రమే.

ఈ జంట ఆటలను ఐజీయెన్ అను అమెరికా సమీక్షాసంస్థ పరిశీలించి పదింటికి 7.8 మార్కులు వేసినది. చివర నిచ్చిన దోషముల పట్టికలో, నీరు మరీ ఎక్కువైనదను నర్థము గల చిన్నమాట యొకటి చేరినది. అంతే! ఆటగాండ్ర లోకము పకపక నవ్వినది. ఆ మాటను, ఆ మార్కును కలిపి వేళాకోళపు బొమ్మలు గీసి పంచుకొనిరి. ఏండ్లు గడచినను అది సామెతవలె నిలిచియున్నది. సముద్రదేశపు కథలో నీరెక్కువ యనుట అన్నములో మెతుకులెక్కువ యనుట వంటిదని వారి హేళన. నవ్విన వారిలో ఎందరు ఆ సమీక్షను మొదటినుండి తుదివరకు చదివిరో మనము ఊహించుకొనవచ్చును.

మేము ఆ సముద్రమును దాటి చూచితిమి. (మనుమడు ప్రక్కన గూర్చుండి వ్రేలు చూపగా దాటితిమి, స్వశక్తితో గాదు.) సమీక్షలోని మాట నూటికి నూరుపాళ్ళు నిలుచును. నేలమీద నడచునపుడు అడవి, బూడిద రాలు కొండదారి, ఇసుకయెడారి అని చోటు మారినకొలది క్రొత్త జంతువులు ఎదురగును. నీటిమీద పడినది మొదలు అవే టెంటకూల్ అను జెల్లీచేపలు, అవే వింగల్ అను సముద్రపు పక్షులు. కొంచెము దూరము సాగుటయేమి, మరల నొకటి అడ్డు తగులుటయేమి! పూర్వభాగమున నున్న వైవిధ్యము ఉత్తరభాగమున పలుచబడినది.

మన సాహిత్యము నెరిగిన వారికి ఈ దోషము క్రొత్తది గాదు. ప్రబంధమున అష్టాదశవర్ణనలు నియమము. సముద్రవర్ణన వానిలో నొకటి. కథను ఆపి వర్ణనను సాగదీసిన కవులను కట్టమంచి రామలింగారెడ్డిగారు 'కవిత్వతత్త్వ విచారము'న ఎంత నిర్మొగమాటముగా విమర్శించిరో చదువరులెరుగుదురు. వారును మైసూరు మహారాజా కళాశాలలో ఉపాధ్యాయులై కొంతకాలము తెలుగుసీమకు వెలుపల నున్నవారే. సముద్రము వర్ణన కెక్కుట దోషము గాదు. ఎక్కిన సముద్రము కథకు ఏమి చేసినదని యడుగుట విమర్శ. ఆ ప్రశ్నను హోయెన్ సముద్రమునకు వేసి చూచిన మరియొక సంగతి తేలును. ఈ ఆటలో ప్రతినాయకులదొక ముఠా; లోకములో సముద్రమును పెంచవలెనని వారి పట్టుదల. జంట ఆటలోని ముఠాకు భూమిని పెంచవలెనని పంతము. అనగా నీరు మితిమీరుటయే కథలోని ఆపద. అట్టి కథకు విశాలమైన సముద్రము కావలసినదే. కావున మా తీర్పిది: నీరెక్కువగుట తప్పు గాదు, ఆ నీరు గొడ్డుపోయియుండుట తప్పు. సమీక్ష ఈ రెంటిని విడదీసి పట్టికలో చెప్పియుండిన నవ్వులపాలు గాకపోయెడిది. పట్టికలో నాలుగు మాటలకే చోటుండును గదా!

ఇక ఆ 7.8 సంగతి. ఏడుకును ఎనిమిదికిని నడుమ ఎనిమిది దశాంశములు దేనిని కొలిచినవి? మా చిన్ననాట కూరగాయల దుకాణమున తరాజు ముల్లు ఇంత సూక్ష్మముగా నుండెడిది గాదు. జపానులో ఫమిత్సు అను పత్రికవారు నలుగురు సమీక్షకులచేత పదేసి మార్కులు వేయించి నలుబదింటికి కూడుదురు. మెటాక్రిటిక్ అను స్థలమున ఎందరెందరో వేసిన మార్కులను నూటికి సగటు గట్టి చూపుదురు. నలుగురు వైద్యులు నాలుగు రోగములు చెప్పిన, వానిని కూడి నాలుగుచే భాగించి మందు వేయుదుమా? ఒకరికి కథ నచ్చినది, మరియొకరికి మీటల పనితనము నచ్చలేదు, ఇంకొకరికి బొమ్మలు ముద్దు. ఈ కారణములన్నియు సగటులో ఆవిరియై అంకె యొక్కటే మిగులును. తల్లిదండ్రులు ఆ అంకెను చూచి కొందురు. పెద్దలు ఆ అంకెయైనను చూడక తిట్టుదురు. ఇరువురికిని ఆటతో పనిలేదు.

చేతికన్సోలును బొమ్మల సొగసుతో తూచుట యనునది ఆది నుండియు జరిగిన పొరబాటు. 1989 ఏప్రిలులో నింటెండోవారి గేమ్ బాయ్ జపానున వెలువడినది. దాని తెరమీద అడ్డముగా 160, నిలువుగా 144 చుక్కలు. రంగులు లేవు; ఆకుపచ్చ చాయగల నాలుగు వన్నెలే. తెరవెనుక దీపము లేదు, చీకటిలో కనబడదు. వేగముగా కదలిన బొమ్మ అలుకుకొనిపోవును. అదే యేట అటారీవారి లింక్సు, మరుసటి యేట సెగావారి గేమ్ గియర్, రంగుల తెరలతో, వెనుక దీపములతో వచ్చినవి. ప్రక్కప్రక్కన పెట్టి చూచిన వారెవరైనను గేమ్ బాయ్‌ను దరిద్రపుదనిరి. తెరను గూర్చి వారన్నది అక్షరాల నిజము. అయినను తీర్పు తప్పినది.

ఎందుచేతననగా లింక్సుకును గేమ్ గియరుకును ఆరేసి బ్యాటరీలు. అవి నాలుగైదు గంటలలో నీరసించును. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలు మించి నడచినది. రైలులో బరంపురమునుండి బయలుదేరిన పిల్లవాడు విజయవాడ చేరులోపల రంగుల యంత్రము కన్నుమూయును. గుంపెయ్ యొకోయి బృందము దానిని రూపొందించినది. పాతబడి, చౌకయై, గుట్టు పూర్తిగా తెలిసిన సామగ్రితో క్రొత్త ఆలోచనను నడపించుట యొకోయిగారి సిద్ధాంతము. మన ఇండ్లలో వామనగుంటల పీట, చింతగింజలు చేసిన పని గూడ అదే. తరువాతి రంగుల రూపముతో కలిపి ఆ యంత్రములు దాదాపు 11 కోట్ల 87 లక్షలు అమ్ముడుపోయినవి. అమ్మకము గుణమునకు సాక్ష్యము గాదని మాకు తెలియును. కాని చేతిలో పట్టుకొని దారిలో ఆడవలసిన వస్తువును, గోడకు తగిలించిన చిత్తరువును చూచినట్లు చూచుట విమర్శ యెట్లగును?

ఆ చిన్న తెరకు తగిన ఆట టెట్రిస్. మాస్కోలోని విజ్ఞానపరిషత్తు గణనకేంద్రమున పనిచేయు అలెక్సీ పజిత్నోవ్ 1980ల నడుమ దీనిని కల్పించెను. నాలుగేసి చదరములతో నేర్పడిన ఏడు ఆకృతులు పైనుండి పడుచుండును. సందు లేకుండ పేర్చవలెను. కథ లేదు, వీరుడు లేడు, హింస లేదు. గేమ్ బాయ్‌పై మూడున్నర కోట్ల ప్రతులు చెల్లినవి. హింస నేర్పుచున్నవని ఆటలన్నిటిని ఒక్క గాటన గట్టువారు దీనినొకమారు అరగంట ఆడి, పిదప మాటలాడవలెనని మా ప్రార్థన. ఆ అరగంట గంటన్నర యైనయెడల మాది పూచీ గాదు!

చూడక తిట్టుటలోని అసలు నష్టము మరియొకటి కలదు. తిట్టదగినది కంటబడదు. 1996 ఫిబ్రవరిలో జపానున వెలువడిన మొదటి పోకెమాన్ ఆటలలో ఒక నగరమందు జూదశాల యున్నది. పిల్లవాడు నాణెము వేసి చక్రములు తిప్పును. గెలిచిన నాణెములకు బహుమానములు. పోరిగాన్ అను జంతువు ఆ ఆటలో అచ్చటి బహుమానముగా మాత్రమే లభించును. ఖర్చగునది ఆటలోని ఉత్తుత్తి డబ్బే, నిజమే. ఆ నాణెములను అదే డబ్బుతో కొనవచ్చును గూడ. అయినను ధర్మరాజు కథ విని పెరిగిన మనము అభ్యంతరము చెప్పవలసిన చోటేదైన నున్నయెడల అది యిదియే. మన సభలలో దీనిని గూర్చి ఒక్కమాట వినలేదు. తరువాత వచ్చిన హార్ట్‌గోల్డ్, సోల్‌సిల్వర్ ఆటలలో, 2010లో జపానుకు వెలుపల విడుదల చేసినప్పుడు, ఈ చక్రములను తీసివేసి అంకెల చిక్కుముడిని పెట్టిరి. తిట్టుటలో మనమెంత ముందున్నను, దిద్దించుటలో మనకు పాలు లేదు.

మరియొక దోషము వర్తకమునకు సంబంధించినది. అదే కథను రెండు ప్రతులుగా అమ్ముదురు. ఒకదానిలోని కొన్ని జంతువులు రెండవదానిలో ఉండవు. ఇంట ఇద్దరు పిల్లలున్న రెండును కొనవలెనని పట్టు పట్టుదురు. ఇది వ్యాపారపు టెత్తు, కప్పిపుచ్చవలసిన పనిలేదు. చిత్రమేమనగా ఈ ఎత్తులోనే ఆట యొక్క అందమును గలదు. సతోషి తజిరి చిన్నతనమున పురుగులను పట్టి సేకరించెడివాడు. రెండు గేమ్ బాయ్‌లను కలుపు తీగను చూచి, దానిమీదుగా పురుగు ప్రాకి ఇవతలినుండి అవతలికి పోవునని ఊహించినాడట. హాంటర్ అను జంతువు చేయి మారినగాని ఎదిగి గెంగార్ కాజాలదు. ఒంటరిగా గదిలో కూర్చున్న పిల్లవానికి ఆట పూర్తికాదు; వీధిలోనికి వచ్చి మరియొకనిని అడుగవలసినదే. దోషమును గుణమును ఒకే కొమ్మన నున్నప్పుడు విమర్శకుడు రెంటిని చెప్పవలెను.

ఎండలోనికి పోనీయవను ఫిర్యాదునకు జవాబుగా కాబోలు, 2003లో బొక్తాయ్ అను ఆట వచ్చినది. దాని క్యాట్రిడ్జిలో ఎండను గుర్తించు పరికరమున్నది. ఆటలోని ఆయుధమునకు బలము రావలెనన్న నిజమైన ఎండలో నిలువవలెను. మన వైశాఖమున దానిని ఆడించుట మాత్రము పిల్లలకు శిక్షయే! 2001లో మొదలైన 'ఏస్ అటార్నీ' ఆటలో న్యాయస్థానపు సాక్ష్యములను పుటలకు పుటలు చదివి అబద్ధమును పట్టుకొనవలెను; చదువు చెడునను వారికి దీనిని చూపుదుము.

మా వాదమునకు ఇప్పుడు మన ఇంటి సంగతి తగిలినది. మేము బరంపురము వారము. 1936 ఏప్రిలులో మా తాతలు ఇల్లు కదలకయే రాష్ట్రము మారిరి. బడిలో ఒక భాష, బజారులో ఒక భాష, ఉద్యోగమున మరియొకటి. తెలుగునకు మిగిలినది వంటిల్లును, ఈ సంఘమును. 2016లో వచ్చిన పోకెమాన్ సన్, మూన్ ఆటలు తొమ్మిది భాషలలో నాడవచ్చును. వానిలో మన దేశభాష యొక్కటియు లేదు. దీనికి సంస్థను తిట్టవచ్చును. కాని ఆ ఆటను గూర్చి మాటలాడుటకు తెలుగును అడ్డగించినది ఆ సంస్థ గాదు. పిల్లవాడు రోజుకొక గంట మనసు పెట్టు వస్తువును గూర్చి మనము తెలుగులో ఒక్క ప్రశ్న వేయక, పద్యము చెప్పుమని మాత్రము పండుగనాడు నిలబెట్టుచున్నాము. వాని లోకమునకు తెలుగు అక్కరలేదని వానికి నేర్పినది మనమే.

ఆ సముద్రము దాటిన సాయంకాలము మా మనుమడు గంటకు పైగా మాతో తెలుగున వాదించినాడు. అంతసేపు వాడు తెలుగు మాటలాడుట మేమెరుగము. కొన్ని మాటలు వానికి రాలేదు, కొన్ని మాకు రాలేదు. జంతువు రూపు మారుటను 'పరిణామము' అన్నాము, వానికి నచ్చలేదు. గొంగళి సీతాకోకచిలుక అగునట్లు 'రెక్కలు రావడం' అందామన్నాడు. రెక్కలు లేని జంతువుల మాటేమి యని మేము. ఆ వ్యాజ్యమింకను తేలలేదు.

రాబోవు సంచికలో నాలుగు పుటలు పిల్లల ఆటల విమర్శకు కేటాయింపవలెనని సంఘ కార్యవర్గమునకు వ్రాసితిమి. నియమములు రెండే: ఆట పూర్తిగా ఆడియుండవలెను, మార్కులు వేయరాదు. పెద్దలెవరైన వ్రాయదలచిన వారికిని అవే నియమములు. మా మనుమడు తన వ్యాసమునకు మొదటి వాక్యము వ్రాసి తెచ్చినాడు: "ఈ ఆటలో నీల్లు ఎక్కువే గాని, నాకు అలలు ఇష్టం." 'ళ్ళ' మాత్రము దిద్దితిమి.