బ్రెడ్డు మిషను కొన్నవారికి ఒక వైద్యుని మాట

మా తరం వారికి బ్రెడ్డుతో తొలి పరిచయం జ్వరం వల్లనే కలిగింది. నుదుటిపై తడిగుడ్డ, ప్రక్కన గ్లాసెడు వేడిపాలు, అందులో ముంచిన రెండు బ్రెడ్డు ముక్కలు. ఆసుపత్రికి రోగిని చూడబోయేవారు ఒక బ్రెడ్డు పాకెట్టు, అరడజను బత్తాయిలు చేతపట్టుకొని వెళ్ళేవారు. ఒంట్లో బాగున్నవాడికి బ్రెడ్డెందుకని పెద్దలు మందలించేవారు. నేడు బ్రెడ్డు రోగి మంచం దిగి, ఉదయపు ఫలహారపు బల్లపైకి వచ్చి కూర్చుంది. ఇటీవల కొందరి ఇళ్ళలో బ్రెడ్డు మిషను కూడ వెలిసింది. "ఇంట్లో చేసుకున్నది కదా డాక్టరుగారూ, ఎంత తిన్నా ఫరవాలేదు కదా?" అని నన్ను అడిగేవారు పెరిగారు. ఆ ప్రశ్నకు సమాధానంగానే ఈ వ్యాసం.

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. నా వృత్తి జీవితంలో ఎందరికి "రెండు రోజులు బ్రెడ్డు, పాలు" అని చీటీపై వ్రాశానో లెక్కలేదు. ఆ బ్రెడ్డులో ఏముందో ఒక్కనాడూ విచారించలేదు. రక్తపోటుకు మందులు వాడే నా భార్య కూరలలో ఉప్పు సగానికి తగ్గించి, ఆ చప్పిడి భోజనాన్ని ఓర్పుతో తింటూ, ఉదయం మాత్రం నిశ్చింతగా నాలుగు బ్రెడ్డు ముక్కలు తినేది. పదవీ విరమణ తరువాత ఒకనాడు తీరికగా ఆ పాకెట్టుపైనున్న సన్నని అక్షరాలను చదివాను. 100 గ్రాముల బ్రెడ్డులో 450 మిల్లీగ్రాముల సోడియం అని ఉంది. సోడియం అంకెను రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది, అంటే 1.1 గ్రాములు. పెద్దలకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మేము కూరలో మిగిల్చిన ఉప్పు బ్రెడ్డు దారిన తిరిగి ఇంట్లోకి వస్తోందన్నమాట. నలభై ఏళ్ళు వైద్యం చేసిన వాని ఇంట్లోనే ఈ సంగతి తెలియలేదు.

ఆ పాకెట్టుపై "గోధుమ" అన్న మాట పెద్ద అక్షరాలలో ఉంది. వెనుక పదార్థాల జాబితాలో మొదటి పేరు మైదా. మన దేశంలో ఈ జాబితాను ఎక్కువ బరువున్న పదార్థంతో మొదలుపెట్టి వరుసగా వ్రాయాలన్నది నియమం. కనుక మొదటి పేరే అసలు పేరు. గోధుమరంగు చాలాసార్లు తవుడు వలన కాక, మాడ్చిన చక్కెరతో చేసే కారమెల్ రంగు వలన వస్తుంది.

2016లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ పరీక్షించిన బ్రెడ్డు నమూనాలలో అధికభాగంలో పొటాషియం బ్రోమేటు లేదా అయోడేటు అవశేషాలు కనిపించాయని ప్రకటించింది. అదే ఏడాది పొటాషియం బ్రోమేటును అనుమతించిన పదార్థాల జాబితానుండి తొలగించారు. ఈ వార్త గుర్తున్నవారు భయంతో మిషను కొంటున్నారు. నా అభిప్రాయం వేరు. భయంతో కొన్న వస్తువు భయం తగ్గగానే అటక ఎక్కుతుంది. ఇంట్లో బ్రెడ్డు చేసుకోవడానికి బలమైన కారణం రసాయనాల భయం కాదు. ఉప్పు, చక్కెర, పిండి ఎంతెంత పడుతున్నాయో మన కంటికి కనబడటం.

ఈ యంత్రం పుట్టుకలోనే ఒక పాఠం ఉంది. 1980ల నడుమ జపానులోని ఒసాకాలో మత్సుషిత సంస్థవారు ఇంటి బ్రెడ్డు యంత్రానికి రూపకల్పన చేస్తున్నప్పుడు, పిండి ఎంత పిసికినా సరియైన బ్రెడ్డు రాలేదు. ఇకుకో తనకా అనే ఉద్యోగిని ఒక హోటలులోని ప్రధాన బేకరు వద్ద శిష్యరికం చేసి, ఆయన పిండిని సాగదీయడంతోపాటు మెలిపెడుతున్నాడని గమనించింది. గిన్నె లోపలి గోడలకు ప్రత్యేకమైన గట్లు అమర్చిన తరువాత ఆ మెలిక యంత్రానికి పట్టుబడింది. 1987లో అది విపణిలోకి వచ్చింది. చేతి నైపుణ్యం యంత్రానికి అబ్బింది గాని, గిన్నెలో ఏమి వేయాలన్న వివేకం అబ్బలేదు. అది మీ బాధ్యత.

నేను మొదటిరోజే ఆరోగ్యం పేరిట పూర్తిగా గోధుమపిండి వేశాను. మూడున్నర గంటల తరువాత వచ్చినది ఇటుక. మరునాడు గ్లాసుతో కొలిచి నీళ్ళు పోస్తే నడుమ కుంగిపోయిన మరొక వింత వస్తువు వచ్చింది. కనుక ప్రారంభకులకు నా సలహా, వైద్యుని నోట వింతగా వినిపించినా, ఇదే: మొదట మైదాతోనే చేయండి. మైదా సులభంగా పొంగుతుంది, చేయి కుదురుతుంది. ఆ తరువాత వారానికొక మెట్టు గోధుమవైపు నడవండి. కొలతకు గ్లాసులు, కప్పులు వద్దు. ఒక గ్రాము తేడాను చూపగల చిన్న డిజిటల్ త్రాసు ఈ విద్యలో సగం గురువు.

మొదటి మెట్టు: మైదా 400 గ్రాములు, నీరు 250 మిల్లీలీటర్లు, నూనె ఒక పెద్ద చెంచా, చక్కెర 10 గ్రాములు, ఉప్పు 5 గ్రాములు, ఇన్‌స్టంట్ డ్రై ఈస్టు 4 గ్రాములు. ముందు నీరు, నూనె పోసి, ఉప్పును ఒక మూల వేసి, దానిపై పిండిని, చక్కెరను పరచి, పిండి నడుమ చిన్న గుంట చేసి ఈస్టును అందులో ఉంచండి. కొన్ని యంత్రాలకు ఈ వరుస తారుమారుగా ఉంటుంది. మీ యంత్రంతో వచ్చిన పుస్తకం చెప్పినట్లే చేయండి. మామూలు బ్రెడ్డు మీట నొక్కండి.

రెండవ మెట్టు: మైదా 200, గోధుమపిండి 200 గ్రాములు. నీరు 275 మిల్లీలీటర్లకు పెంచండి, తక్కినవన్నీ పూర్వంవలెనే. మన మరపట్టిన గోధుమపిండి మైదాకన్న ఎక్కువ నీరు త్రాగుతుంది.

మూడవ మెట్టు: గోధుమపిండి 300, మైదా 100 గ్రాములు, నీరు 300 మిల్లీలీటర్లు, ఈస్టు 5 గ్రాములు, రెండు చెంచాల అవిసెగింజలు. గోధుమ బ్రెడ్డుకు ప్రత్యేకమైన మీట ఉంటే దానిని వాడండి. ఇది అంగడి బ్రెడ్డంత మెత్తగా, ఎత్తుగా రాదు. అది లోపం కాదు, తవుడు గుణం. జొన్న, రాగి పిండ్లు కలపాలనుకునేవారు మొత్తం పిండిలో అయిదవవంతు మించకుండా కలపండి. సాగే గుణాన్నిచ్చే గ్లూటెన్ వాటిలో లేదు.

మీట నొక్కి వెళ్ళిపోకండి. పది నిమిషాల తరువాత ఒకసారి మూత తీసి చూడండి. ముద్ద చపాతీ పిండికన్న కాస్త మెత్తగా, గుండ్రంగా, గిన్నె గోడను వదలి తిరుగుతూ ఉండాలి. పొడిగా ఉంటే ఒక చెంచా నీరు, జారుగా ఉంటే ఒక చెంచా పిండి చేర్చండి. కాల్చడం మొదలైన తరువాత మాత్రం మూత తీయకూడదు. అంచు రంగు ఎంచుకునే వీలుంటే లేతరంగునే ఎంచుకోండి. పిండిపదార్థం ఎంత నల్లగా కాలితే అంత ఎక్కువగా అక్రిలమైడ్ అనే అవాంఛిత పదార్థం ఏర్పడుతుంది. బయటికి తీసిన బ్రెడ్డును గంటసేపు జాలీపై ఆరనిచ్చిన తరువాతనే కోయాలి.

మన వేసవిలో ఒక చిక్కుంది. ఎండలు మండే రోజులలో ఈస్టు మితిమీరి పొంగి, కాలకముందే కుంగిపోతుంది. అప్పుడు ఫ్రిజ్జులోని చల్లని నీరు పోసి, ఈస్టును 3 గ్రాములకు తగ్గించండి. రాత్రి పెట్టి తెల్లవారేసరికి కాలేటట్లు సమయం అమర్చేవారు పాలు, గుడ్డు వేయవద్దు. ఆ వేడిలో గంటల తరబడి నిలిచిన పాలు, గుడ్డు కడుపుకు మేలుచేయవు. ఇంటి బ్రెడ్డులో బూజును ఆపే మందు ఉండదు కనుక రెండు రోజులలో తినేయాలి. మిగిలేటట్లుంటే ముక్కలుగా కోసి ఫ్రీజరులో ఉంచండి. ఒక ముక్కపై బూజు కనిపించినా మొత్తం పారవేయవలసిందే. బూజు పట్టినంత మేర తుంచి తక్కినది తినడం పొదుపు కాదు.

చేయి కుదిరిన తరువాత ఉప్పును 4 గ్రాములకు, పిదప 3 గ్రాములకు తగ్గించండి. మా ఇంట ఇప్పుడు 3 గ్రాములే. దాదాపు 600 గ్రాముల బ్రెడ్డులో అది 100 గ్రాములకు అర గ్రాము. మేము కొన్న పాకెట్టులో సగంకన్న తక్కువ. ఉప్పు పూర్తిగా మానితే మాత్రం ఈస్టుకు కళ్ళెం ఉండదు, బ్రెడ్డు కుంగుతుంది. ఉప్పుకు బదులుగా పొటాషియం కలిసిన "తక్కువ సోడియం ఉప్పు" వాడాలనుకునే మూత్రపిండాల రోగులు, కొన్ని రకాల రక్తపోటు మందులు వాడేవారు తమ వైద్యుని అడగకుండా ఆ పని చేయవద్దు. వారి రక్తంలో పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ఇంట్లో చేసినది కనుక ఎంతైనా తినవచ్చునా? కూడదు. ఈ బ్రెడ్డును 12 ముక్కలు చేస్తే ఒక్కొక్క ముక్కలో 33 గ్రాముల పిండి ఉంటుంది. రెండు ముక్కలు తింటే రెండు పుల్కాలకు పైబడిన పిండి తిన్నట్లే. మధుమేహం ఉన్నవారు మరొక సంగతి గ్రహించాలి: మెత్తగా మరపట్టిన గోధుమతో చేసిన బ్రెడ్డు రక్తంలో చక్కెరను పెంచే వేగంలో మైదా బ్రెడ్డుకు ఏమంత వెనుకబడదు. గ్లైసీమిక్ సూచికలో రెండూ 75కు అటూయిటూగానే ఉన్నాయి. గోధుమ వలన పీచు, మరికొన్ని పోషకాలు లభిస్తాయి. అది లాభమే, కాని అనుమతిపత్రం కాదు. రెండు ముక్కలతో ఆపి, జాముకు బదులు గుడ్డో, ఉడికించిన శనగలో, చక్కెర లేని పల్లీ పచ్చడో జోడించండి. ఇంటిలో కాలుతున్న బ్రెడ్డు సువాసనకు మూడవ ముక్క, నాలుగవ ముక్క తినిపించే శక్తి ఉంది. ఆ మాట అనుభవంతోనే చెబుతున్నాను.

"ఇడ్లీ, జొన్నరొట్టె ఉండగా ఈ హంగామా ఎందుకు?" అని కొందరనవచ్చు. నిజమే. ఇంట్లో బ్రెడ్డు అలవాటు లేనివారు ఈ యంత్రం కొనవలసిన పనిలేదు. కాని పిల్లల డబ్బాలోకో, పళ్ళు లేని పెద్దల పాలలోకో రోజూ బ్రెడ్డు వస్తున్న ఇల్లయితే, అందులో ఏమున్నదో తెలుసుకునే మార్గాలు రెండే: పాకెట్టు వెనుక చదవడం, లేదా మీరే తూచి వేయడం. మొదటిది ఖర్చులేని పని. రేపు ఉదయం పాకెట్టు తెరిచేముందు ఒక్కసారి త్రిప్పి చూడండి. నేను నలభై ఏళ్ళు ఆలస్యంగా చేసిన పని అది.