ఎమ్మెల్యే అర్జీదారు కాదు

ఎమ్మెల్యే సచివాలయానికి వెళ్తారు. మంత్రికి శాలువా కప్పి, చేతికి వినతిపత్రం అందిస్తారు. ఆసుపత్రిలో వైద్యుల ఖాళీలు నింపాలని, వాగు మీద వంతెన కట్టాలని, ఆగిపోయిన పల్లె బస్సు మళ్లీ నడపాలని అందులో రాసి ఉంటుంది. మంత్రి సానుకూలంగా స్పందించారంటూ మర్నాడు జిల్లా పేజీలో ఫొటోతో సహా వార్త వస్తుంది. ఏడాది తిరిగాక అదే వాగు, అదే వంతెన, అదే వార్త. మధ్యలో మంత్రి మారి ఉండవచ్చు, ఎమ్మెల్యే కూడా మారి ఉండవచ్చు. వానాకాలం వస్తే పిల్లలు చెప్పులు చేత పట్టుకుని వాగు దాటడం మాత్రం మారదు.

తన ఊళ్ల గోడు పట్టుకుని మంత్రుల చుట్టూ తిరిగే ప్రతినిధిని తప్పుపట్టలేం. ఆ మాత్రం తిరగనివారూ ఉన్నారు కాబట్టి తిరిగేవారిని మెచ్చుకోవాలి కూడా. పేచీ అంతా పని అక్కడితో అయిపోయినట్టు భావించే ఆనవాయితీతోనే. మంత్రిమండలి శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలని రాజ్యాంగం 164వ అధికరణం రెండో క్లాజులో స్పష్టంగా చెప్పింది. అంటే మంత్రి జవాబు చెప్పాల్సినవారు, సభ్యుడు జవాబు అడగాల్సినవారు. ఈ వరస తలకిందులై, అడగాల్సినవారు చేతులు కట్టుకుని నిలబడితే, ప్రజలకు హక్కుగా అందాల్సిన సేవ మంత్రిగారి దయగా మారిపోతుంది. ఎమ్మెల్యే అర్జీదారు కాదు. ఆయన చేతిలోని కాగితానికి జవాబు రాసి తీరాలి.

ఆ కాగితం ప్రయాణం ఒకసారి చూడండి. మంత్రి దాన్ని అందుకుని, పైన ఖాళీ జాగాలో ‘పరిశీలించి తగు చర్య తీసుకోండి’ అని రాసి పొట్టి సంతకం పెడతారు. పేషీ నుంచి అది శాఖ కార్యదర్శికి వెళుతుంది. అక్కడి నుంచి కమిషనర్‌కో చీఫ్ ఇంజినీర్‌కో, ఆపైన జిల్లాకు, చివరికి మండలంలోని అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) బల్ల మీదికి చేరుతుంది. ఏఈ అంచనాలు వేసి పంపితే మళ్లీ మెట్లెక్కాలి. ముందు పరిపాలనా అనుమతి, తర్వాత సాంకేతిక అనుమతి, ఆ తర్వాత టెండరు. పాత బిల్లులే రాలేదని గుత్తేదారులు ముందుకు రాకపోతే టెండరు కూడా కాగితంగానే మిగులుతుంది. ఇన్ని మెట్లలో ఫైలు ఎక్కడ ఆగిందో చాలాసార్లు ఎమ్మెల్యేకే తెలియదు. ఇక ఊరివాళ్లకు ఎవరు చెబుతారు?

పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టిన పౌరుడికి 30 రోజుల్లో జవాబివ్వాలని 2005 నాటి చట్టం చెబుతోంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక్కో ఎమ్మెల్యే సగటున రెండు లక్షలకు పైగా ఓటర్లకు ప్రతినిధి. ఆయన మంత్రికి స్వయంగా అందించిన కాగితానికి మాత్రం జనం అడిగి చూసుకోగల గడువేదీ లేదు. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి కోట్లు ఖర్చు కావు. సంకల్పం ఉంటే ఒక ఉత్తర్వు చాలు.

జవాబు రాకపోతే జనం ఎంత దూరం వెళతారో నల్లగొండ చూపించింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన ఊళ్లు కృష్ణా జలాల కోసం ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నాయి. ఎవరూ పట్టించుకోకపోవడంతో జల సాధన సమితి పిలుపు మీద 1996 లోక్‌సభ ఎన్నికల్లో జనం నామినేషన్లు వేశారు. బరిలో మిగిలిన అభ్యర్థులు 480 మంది. బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంలా అచ్చువేయాల్సి వచ్చింది. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థుల ధరావతు 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది. నామినేషన్ల వరద ఆపడానికి చూపిన చురుకు, మంచినీళ్లు ఇవ్వడంలో కనిపించలేదు. ఇంటింటికీ శుద్ధిచేసిన నీళ్లంటూ మిషన్ భగీరథ మొదలైంది 2016లో, అంటే మరో ఇరవై ఏళ్లకు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంది మరో వ్యథ. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే రైతులను, కూలీలను మూత్రపిండాల జబ్బు పట్టి పీడిస్తోందని 1990 దశకం నుంచే వైద్యులు గుర్తించారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది మాత్రం 2023 డిసెంబరులో. ఈలోపు డయాలసిస్ కోసం ఊరూరా రోగులు బస్సులెక్కి దూరాభారం వెళ్లివచ్చారు. వారానికి రెండు మూడుసార్లు గంటల కొద్దీ యంత్రం పక్కన పడుకుని, నీరసించిన ఒంటితో మళ్లీ బస్టాండులో నిలబడే మనిషికి, ఫలానా మంత్రి సానుకూలంగా స్పందించారన్న వార్త ఏం ఊరట ఇస్తుంది? ఆసుపత్రి కట్టడం ఘనకార్యమే, కాదనం. కానీ రోగం తెలిశాక ఆసుపత్రి రావడానికి పాతికేళ్లు పట్టడం మాత్రం పాలనకు మచ్చే.

అసలు అడగాల్సిన చోటు మంత్రి గది కాదు, శాసనసభ. గదిలో చెప్పిన మాటకు సాక్ష్యం ఫొటో ఒక్కటే. సభలో చెప్పిన మాట రికార్డుల్లో ఉంటుంది. సభ్యుల సంఖ్య ఎక్కువగా ఉన్న శాసనసభలు ఏడాదికి కనీసం 90 రోజులు సమావేశం కావాలని రాజ్యాంగ పనితీరు సమీక్షా కమిషన్ 2002లో సిఫారసు చేసింది. ఇటీవలి ఏళ్లలో దేశంలోని శాసనసభలు సగటున 20 రోజులకు కాస్త అటూ ఇటూగానే కూర్చుంటున్నాయి. ఆ కొద్ది రోజుల్లోనూ బడ్జెట్టు, బిల్లులు, పార్టీల తిట్ల పురాణం పోగా సభ్యుడికి మిగిలేది ఎంత? జీరో అవర్‌లో రెండు నిమిషాలు దొరికితే గొప్ప. ‘నోట్ చేసుకున్నాం అధ్యక్షా’ అని మంత్రి అనగానే ఆ రెండు నిమిషాలూ గాలికి పోతాయి.

దొరికిన సభనైనా వాడుకోవాలి కదా. 2017లో వైఎస్సార్ కాంగ్రెస్ ఆంధ్రప్రదేశ్ సభను బహిష్కరించింది. 2021లో చంద్రబాబు నాయుడు మళ్లీ ముఖ్యమంత్రిగానే వస్తానని శపథం చేసి సభ నుంచి వెళ్లిపోయారు. 2024లో 11 స్థానాలు గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ ప్రతిపక్ష హోదా ఇవ్వలేదంటూ మళ్లీ సభకు దూరమైంది. తెలంగాణలో ప్రతిపక్ష నేత కేసీఆర్ 2023 ఎన్నికల తర్వాత సభకు వచ్చిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అవమానాలు జరిగి ఉండవచ్చు, అధికార పక్షం దుడుకుగా ప్రవర్తించి ఉండవచ్చు. అయినా ఓటరు పంపింది అలగడానికి కాదు, అడగడానికి. సభ్యుడు సభకు వెళ్లకపోతే ఆ నియోజకవర్గం గొంతు ఆ మేరకు మూగబోయినట్టే. అధికార పక్షానికీ ఇంతే గట్టిగా చెప్పాలి: ప్రతిపక్ష ఎమ్మెల్యే ఇచ్చాడని పక్కన పెట్టిన కాగితంలో ఉన్నది ఆ ఎమ్మెల్యే సొంత పని కాదు, మీకూ ఓట్లు వేసిన ఊరి రోడ్డు.

మరో సంగతీ చెప్పుకోవాలి. వీధి దీపం, మురుగు కాలువ, కుళాయి నీరు కోసం మంత్రి దాకా పోవాల్సి రావడమే మన వ్యవస్థలోని జబ్బు. 73వ సవరణ 29 అంశాలను పంచాయతీలకు అప్పగించే దారి చూపి మూడు దశాబ్దాలు దాటింది. నిధులు, సిబ్బంది, అధికారం మాత్రం పైనే ఉండిపోయాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి తర్వాత ఏడాదిన్నరకు పైగా గ్రామ పంచాయతీలు సర్పంచులే లేకుండా ప్రత్యేకాధికారుల చేతుల్లో గడిచాయి. ఊళ్లో తేలాల్సిన పని మండలానికి, మండలంలో తేలాల్సింది రాజధానికి ఎక్కుతుంటే మంత్రి పేషీలో కాగితాలు గుట్టలు పడక ఏమవుతాయి?

కాబట్టి మా డిమాండ్లు ఇవి. ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ ఇచ్చే ప్రతి వినతిపత్రానికి సంఖ్య వేసి, 30 రోజుల్లో సంబంధిత శాఖ లిఖితంగా జవాబివ్వాలి. పని అవుతుందా, ఎప్పటికి, ఎంత ఖర్చుతో? కాకపోతే ఎందుకు కాదు? ఈ జవాబు నియోజకవర్గ ప్రజలందరికీ కనిపించేలా ప్రభుత్వ వెబ్‌సైటులో ఉంచాలి. సభలో మంత్రులు ఇచ్చే హామీలు మూడు నెలల్లో నెరవేరాలన్న కట్టుబాటు పార్లమెంటులో ఉంది. అందుకోసం లోక్‌సభలో హామీల కమిటీ 1953 నుంచీ పనిచేస్తోంది. మన శాసనసభల హామీల కమిటీలు కూడా ఏ హామీ ఎంతవరకు వచ్చిందో శాఖలవారీగా ప్రతి సమావేశంలో సభ ముందుంచాలి. ‘నోట్ చేసుకున్నాం’ అన్న మాటనూ హామీగానే లెక్కించాలి. ఏడాదికి కనీసం 60 రోజులు సభ జరిపేందుకు ఉభయ రాష్ట్రాలూ ముందుగానే క్యాలెండర్ ప్రకటించాలి. 90కి చేరడానికి అది తొలి మెట్టు.

వీటిలో అలవికానిది ఏదీ లేదు. 175 మంది సభ్యులున్న ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రితో కలిపి 26 మంది, 119 మంది ఉన్న తెలంగాణలో 18 మంది వరకు మంత్రులు ఉండవచ్చు. వారి వెనక కార్యదర్శులు, కమిషనర్లు, కలెక్టర్లు, కంప్యూటర్లు ఉన్నాయి. ఇంత యంత్రాంగానికి నెల రోజుల్లో ఒక ఉత్తరానికి జవాబు రాయడం బరువు కాదు. రాయాలన్న మనసే కరువైంది.

చివరి మాట ఓటరుకు. మీ ఎమ్మెల్యే ఈసారి ఊరికి వచ్చినప్పుడు మంత్రితో దిగిన ఫొటో చూపిస్తే సంతోషించండి, కానీ అక్కడితో ఊరుకోకండి. ఆ కాగితానికి వచ్చిన జవాబు చూపించమనండి. జవాబు రాలేదంటే, ఆ సంగతి సభలో ఏ తేదీన అడిగారో చెప్పమనండి. రెండూ లేకపోతే, ఓటు అడగడానికి వచ్చిన రోజున ఈ రెండు ప్రశ్నలనే మళ్లీ గుర్తుచేయండి.