చిన్నపనికి న్యాయమైన కూలి

పట్టణములలో గృహస్థులకును మేస్త్రీలకును నిత్యము జరుగుచున్న యొక తగవును గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి. విషయము స్వల్పమే, కాని యందిమిడియున్న ధర్మము స్వల్పము కాదు.

ఒక గృహస్థు తన స్నానపుగదికి టైల్సు వేయింపదలచును. గది 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. మొత్తము 48 చదరపు టడుగులు. పొరుగువాడు తన పెద్దసావడికి అడుగునకింత యని యిచ్చిన కూలి ఆయనకు తెలియును. ఆ లెక్కనే తన గదికిని వేయుమనును. మేస్త్రి రెట్టింపు అడుగును. ఇది దోపిడి యని గృహస్థు మండిపడును. దోపిడి యెవరిదో విచారింతము.

అడుగునకు 25 రూపాయల కూలి యనుకొందము. 48 అడుగులకు 1200 రూపాయలగును. ఈ పనికి మేస్త్రియు, సిమెంటు కలిపి యందించు కూలియు రెండేసి దినములు పనిచేసినచో, నాలుగు రోజుల కూలి యా 1200 లోనే యిమడవలెను. సగటున మనిషికి దినమునకు 300 రూపాయలు! రానుపోను ఖర్చులును, కోతయంత్రపు బిళ్ల యరుగుదలయు దీనిలోనివే.

అంత చిన్నగదికి రెండు దినములేల యని యడుగువా రుందురు. పాతనేల త్రవ్వి రద్దు మోయవలెను. నీరు తూమువైపు జారునట్లు వాటము తీయవలెను. పరచిన పలకలు గట్టిపడినపిమ్మట మరునాడు మరల వచ్చి సందులు నింపవలెను. గది చిన్నదైనంతమాత్రమున ఈ పనులు తప్పవు. కోతల లెక్కయే చూడుడు. అడుగు చదరపు పలకలను ఒక మూలనుండి పరచుకొనిపోగా, ఎదుటి రెండుగోడల వెంబడి పలకలు కోయవలసివచ్చె ననుకొనుడు. ప్రక్కకు 30 అడుగుల సావడిలో 900 పలకలకు 59 కోతలు; పదునైదింట ఒకవంతైనను లేదు. మన స్నానపుగదిలో 48 పలకలకు 13 కోతలు. నాలుగింట ఒకవంతునకు మించినది. ఇట్టి పనికి సావడి రేటు వర్తించునా?

మేము న్యాయవాదవృత్తిలో నున్నవారము. ఒక వాయిదాకు కోర్టులో రెండు నిమిషములు నిలిచినను, ఆ పూట దానికై పోయినదని ఫీజు పుచ్చుకొందుము. మా మాటలు లెక్కించి మాటకింత యని యే కక్షిదారుడును ఇయ్యడు. మోకాళ్లపై కూర్చుండి పలకలు పరచువాని దినమునకు మాత్రము విలువ లేదా?

బేరము కుదిరినపిమ్మట "ఈ గడపకూడ వేసిపొమ్ము, ఆ పగిలిన యరుగుకూడ చూడుము" అనుట మరియొక దురాచారము. ఉచితముగా చేయు నుద్దేశములేక ఒకరికొరకు న్యాయముగా చేసిన పనియొక్క ఫలము ననుభవించినవారు ప్రతిఫలమీయ బద్ధులని 1872 నాటి ఒడంబడికల చట్టము 70వ సెక్షను చెప్పుచున్నది. కనీసవేతనమునకు తక్కువ యిచ్చి పని చేయించుకొనుట, రాజ్యాంగము 23వ అధికరణమున నిషేధించిన నిర్బంధశ్రమలో చేరునని ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల విషయమున సుప్రీముకోర్టు 1982 లో తీర్పు చెప్పెను. వెట్టి పల్లెలలోనే యుండునని మనము భ్రమపడరాదు.

అట్లని మేస్త్రీల లోపములను మేము కప్పిపుచ్చము. బయానా పుచ్చుకొని పది దినములు ముఖము చూపనివారును, వాటము తప్పించి నీరు నిలువజేయువారును లేకపోలేదు. కాబట్టి మా సలహా యిది. చిన్నపనిని అడుగులలో గాక దినములలో బేరమాడుడు. ఎన్ని దినములు, ఎందరు మనుషులు, రద్దు ఎవరు మోయవలెను, పగిలిన పలకల నష్టమెవరిది, అదనపు పనికి ఎంత యను నైదు సంగతులు కాగితముపై వ్రాసికొనుడు. చివరి పైకము ఇచ్చుటకుముందు ఒక బిందెడు నీరు క్రుమ్మరించి చూడుడు. నీరు నిలిచినచో సరిచేయుట మేస్త్రి పూచీ. చక్కగా పోయినచో ఆ సాయంకాలమే పైకము చెల్లించుట మన పూచీ.

మన యింట పనిచేసినవాడు తన యింటికి ఆ దినపుకూలి పూర్తిగా తీసికొనిపోయెనా యని ప్రతి గృహస్థుడును తన్ను తాను ప్రశ్నించుకొనుగాక.